పదిమందితో నిలబడడం

(కువైట్‌లోని సబ్హాన్‌లో తెలుగువారి సభలో చేసిన ఖురైన్ అమరుల స్మారక ఉపన్యాసం)

 

మనం కూర్చున్న ఈ సబ్హాన్ నుంచి ఆగ్నేయంగా కొద్ది కిలోమీటర్లు పోతే ఖురైన్ వస్తుంది. రెండూ ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లోవే. డెలివరీలకనీ, ఏసీ రిపేర్లకనీ, ఇళ్లలో పనికనీ మనవాళ్లు రోజూ పోయే పేటే అది. అక్కడ ఒక ఇంటిని గుండ్లకు తూట్లు పడ్డ గోడలతో, కూలిన భాగాలతో అలాగే ఉంచి మ్యూజియం చేశారు. బయట ఒక ట్యాంకు నిలబెట్టారు. 1991 ఫిబ్రవరి 24న ఆ ఇంట్లో 19 మంది కువైటీలు ఇరాకీ సైన్యాన్ని ఎదిరించి సుమారు పది గంటలు పోరాడారు. వాళ్లలో 12 మంది ప్రాణాలు పోయాయి. ఈ ఉపన్యాసం ఆ పన్నెండు మంది స్మృతికి.

పరాయి దేశపు అమరుల గురించి మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. రాయచోటి, రాజంపేట, కోడూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఈ నేల మీద అన్నం తింటున్నాం. ఈ నేల కోసం చనిపోయినవాళ్లెవరో తెలుసుకోవడం మన బాధ్యత. ఇంకో కారణం నా వృత్తికి సంబంధించింది. నేను పదాతి దళం మనిషిని. పదిమంది ఉండే సెక్షన్ నడిపాను, ఆ తర్వాత కొత్త సెక్షన్ కమాండర్లకు పాఠం చెప్పాను. పదిమందితో ఒక చోటును కాపాడడమన్నది సైన్యంలో అన్నిటికన్నా చిన్న పనిగా కనిపిస్తుంది. నేను చూసినంతలో మనిషిని అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షించే పని అదే. ఖురైన్ ఇంటిని ఆ కళ్లతో చూస్తే ఏం కనబడుతుందో చెప్పాలని వచ్చాను.

మన తెలుగువాళ్ల జ్ఞాపకంలో దాడి చేసిన వీరులకు పెద్ద పీట ఉంది. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య 1999 కార్గిల్ యుద్ధంలో శత్రువు కూర్చున్న కొండ మీదికి తన కంపెనీని తీసుకుపోయి అక్కడే ప్రాణం వదిలాడు. ఆ కథ మన పిల్లలకు తెలుసు, తెలియాలి కూడా. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊరే ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సిపాయిలను పంపిన ఊరు. అక్కడి పెద్దవాళ్లను కదిలిస్తే ఇంకో రకం కథలు వస్తాయి: నెలల తరబడి మోర్చాలో, అంటే కాపలా గుంటలో, కూర్చోవడం, రాత్రి వంతులు, వాన నీళ్లు ఎత్తిపోయడం, ఎదురుచూడడం. సైనికుడి జీవితంలో ఎక్కువ భాగం అదే. దాడిలో వేళ మనం నిర్ణయిస్తాం. రక్షణలో వేళ శత్రువు చేతిలో ఉంటుంది. ఆ ఒక్క తేడా వల్ల నాయకుడి పని అంతా మారిపోతుంది.

ముందు ఆ రోజుల సంగతి కొంచెం చెప్పాలి. 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం సరిహద్దు దాటింది. ఈ సబ్హాన్ దగ్గర నుంచి పోయే ఆరో రింగ్ రోడ్డు పడమరగా జహ్రా దాకా పోతుంది. ఆ జహ్రా దగ్గర కల్నల్ సాలెం అల్ సొరూర్ నడిపిన 35వ సాయుధ బ్రిగేడ్, చీఫ్టెన్ ట్యాంకులతో, రోడ్డు మీద బారులు తీరి వస్తున్న ఇరాకీ వాహనాలను అటకాయించింది. వంతెనల యుద్ధమని దానికి పేరు. అదే రోజు దస్మాన్ ప్యాలెస్ దగ్గర జరిగిన పోరులో అమీర్ తమ్ముడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ చనిపోయాడు. సాయంత్రానికి నగరం పోయింది. ఇక్కడున్న భారతీయులు సామాను వదిలి, బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపింది. మొత్తం 1,70,000 మందికి పైగా ఇంటికి చేరారు. మీలో కొందరి తండ్రులూ మామలూ ఆ బస్సుల్లో ఉన్నవాళ్లే.

వెళ్లడానికి వేరే దేశం లేనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు. వాళ్లలో కొందరు చిన్న చిన్న రహస్య జట్లు కట్టారు. అలాంటిదే మెసీలా జట్టు, సయ్యద్ హాదీ అల్ అలవీ దాని నాయకుడు. అందులో సున్నీలూ ఉన్నారు, షియాలూ ఉన్నారు. ఏడు నెలల ఆక్రమణ చివరికొచ్చిన వేళ, కువైట్‌ను విడిపించడానికి వచ్చిన బహుళజాతి సేనల భూతల దాడి మొదలైన రోజే, పొద్దున ఇరాకీ బలగాలు ఖురైన్‌లో వాళ్లు చేరిన ఇంటి ముందుకు వచ్చాయి. కాల్పులు మొదలయ్యాయి. తర్వాత ట్యాంకు వచ్చింది.

ఈ కథను కాసేపు ఇక్కడ ఆపుతాను. ఆ ఇంటిని అర్థం చేసుకోవాలంటే, తీరిక ఉన్నప్పుడు పదిమంది సెక్షన్ రక్షణకు ఎలా కూర్చుంటుందో ముందు తెలియాలి.

సెక్షన్ ఒక చోటికి చేరగానే కుర్రాళ్లు పారలు తీస్తారు. అలసిపోయి ఉంటారు, తవ్వేసి పడుకోవాలని ఉంటుంది. నాయకుడు అక్కడే ఆపాలి. మొదటి పార దించక ముందే సంత్రీ నిలబడాలి. మనం తవ్వుకునే వేళే శత్రువుకు అన్నిటికన్నా అనువైన వేళ. మన ఊళ్లో జొన్నచేను కాపలాకి మంచె వేసేవాడు ముందు పిట్టలు ఏ దిక్కు నుంచి దిగుతాయో చూస్తాడు, తర్వాతే గుంజ పాతుతాడు. సెక్షన్ కమాండర్ కూడా తన జాగా నుంచి కాక శత్రువు జాగా నుంచి మొదలుపెట్టాలి. ముందుకు నడిచిపోవాలి, వెనక్కి తిరిగి తన చోటును చూడాలి. నేనే దాడికి వస్తే ఏ పల్లంలో నక్కుతాను, ఏ గోడ చాటున ఊపిరి తీసుకుంటాను అని ఆలోచించాలి.

ఆ తర్వాత ఎల్‌ఎంజీ, అంటే తేలికపాటి మెషిన్ గన్. సెక్షన్ బలంలో పెద్ద భాగం ఆ ఒక్క తుపాకీలోనే ఉంటుంది. దాని చోటు ఖాయమయ్యాకే రైఫిళ్ల చోట్లు. కొత్తవాళ్లంతా దాన్ని శత్రువుకు సూటిగా ఎదురుగా పెడతారు. అది పక్కగా ఉండాలి. వస్తున్న వరసకు అడ్డంగా కాల్చితే ఒక తూటా తప్పినా పక్కవాడికి తగులుతుంది. ఎదురుగా కాల్చితే తప్పిన తూటా నేలపాలే. పైగా పక్కన ఉన్న తుపాకీ ముందు వైపు మట్టిగట్టు అడ్డం పెట్టుకుని దాక్కోగలదు. చోటు చూసేటప్పుడు నిలబడి చూడకూడదు, నేల మీద బోర్లా పడుకుని చూడాలి. నిలుచున్నప్పుడు మైదానంలా కనిపించినది, కన్ను తుపాకీ మట్టానికి దిగగానే మిట్టలూ పల్లాలూ అయిపోతుంది. గుండు చేరని పల్లాన్ని డెడ్ గ్రౌండ్ అంటాం. దానికి పక్క మోర్చా నుంచి తుపాకీ చూపించాలి, లేదా గ్రెనేడ్ దూరంలో ఉంచుకోవాలి, అదీ కుదరకపోతే ముళ్లతీగ వేయాలి. ఏదో ఒకటి చేయకుండా వదిలితే, శత్రువు సరిగ్గా అక్కడి నుంచే వస్తాడు.

అప్పుడు మోర్చా. ఇద్దరేసి ఒక గుంట. చంక లోతు దాకా తవ్వాలి, నిలబడి మోచేతులు ఆనించి కాల్చేలా. పైన కప్పు వేస్తే ఒకటిన్నర అడుగు మట్టి ఉండాలి, ఫిరంగి గుండు ముక్కలు ఆగాలంటే. ఒక గుంట నుంచి పక్క గుంట ముందు భాగాన్ని కాపాడగలగాలి. ఎవడి ఎదురుగా వచ్చినవాణ్ని వాడే కాల్చుకోవాల్సి వస్తే ఆ చోటుకు బలం లేదన్నమాట. ప్రతి జవానుకూ ఎడమ హద్దు, కుడి హద్దు నేల మీది గుర్తులతో చూపించాలి. రాత్రి అవి కనబడవు కాబట్టి తుపాకీకి అటొకటి ఇటొకటి పుల్లలు పాతాలి, చీకట్లో గొట్టం పుల్లను తాకగానే హద్దు తెలుస్తుంది. ముందున్న చెట్టు, రాయి, స్తంభం ఎంతెంత దూరమో గీసిన రేంజ్ కార్డు మోర్చాలో ఉండాలి. ఆ మోర్చాలో ఉన్నవాడు పోతే, కొత్తగా దిగినవాడు దాన్ని చూసి కాల్చగలగాలి. రేంజ్ కార్డు గీయించని కమాండర్ తన మనుషులెవరూ చావరని అనుకుంటున్నాడని నేను క్లాసులో చెప్పేవాణ్ని.

కువైట్ లాంటి నేల మీద ఇంకొన్ని కష్టాలున్నాయి. ఇసుకలో గుంట గోడ నిలవదు, బస్తాలతోనో రేకులతోనో ఆనించాలి. మధ్యాహ్నం ఎండమావుల్లో దూరం అంచనా తప్పిపోతుంది, అందుకే పొద్దున చల్లబాటులోనే దూరాలు కొలిచి రాసుకోవాలి. తుపాకీ పేలగానే మూతి ముందు ఇసుక లేచి జాగా చెప్పేస్తుంది, అక్కడ తడి గోనె పరచాలి. నీళ్లు మోర్చాలవారీగా పంచి ఉండాలి. ఒకే డ్రమ్ములో ఉంటే ఆ డ్రమ్ముకు తూటా తగిలిన నిమిషంలో సెక్షన్ అయిపోయినట్టే. జహ్రా పైనున్న ముత్లా గట్టు తప్ప ఈ దేశంలో ఎత్తు అనేది పెద్దగా లేదు. చాటు కావాలంటే ఇళ్లలోకే రావాలి.

ఇల్లు చూడడానికి గట్టిగా ఉంటుంది. ట్యాంకు లేనంత సేపు గట్టిదే. ఇంటిని రక్షణకు సిద్ధం చేయడానికి ఒక పద్ధతి ఉంది. కిటికీ దగ్గర నిలబడి కాల్చకూడదు, గది లోపల వెనక్కి, నీడలో ఉండి కాల్చాలి. బయటివాడికి మెరుపు కనబడదు. గాజు తీసేయాలి, పగిలితే అదే కత్తులవుతుంది. కాల్చని కిటికీలకు కూడా గుడ్డ కట్టాలి, ఏ కిటికీలో మనిషి ఉన్నాడో తెలియకుండా. స్నానాల తొట్లు, బిందెలు, దొరికిన ప్రతిదీ నీళ్లతో నింపాలి, మంటలకూ దాహానికీ. కింది తలుపులు మూసేసి, మెట్లకు అడ్డంకులు పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కింటి గోడకు మనిషి దూరేంత కన్నం కొట్టాలి. పదాతి దళానికి ఆ కన్నమే వెనక దారి. అది లేని ఇంట్లో ఎంత గొప్పవాడున్నా వాడికి మిగిలేది ఒకే గది, ఆ తర్వాత ఒకే మూల.

ఇప్పుడు ఖురైన్‌కు తిరిగి వద్దాం. ఆ ఇల్లు ఆ జట్టు దాక్కోవడానికి ఎంచుకున్నది, పోరాడడానికి కాదు. రహస్య జట్టుకు మంచి ఇల్లంటే వీధిలో మిగతా ఇళ్లలాగే కనిపించేది. రక్షణకు మంచి ఇల్లంటే చుట్టూ కనుచూపు ఉన్నది, వెనక దారి ఉన్నది. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి అడ్డొస్తాయి. ఇసుక బస్తాలు పేర్చితే పక్కింటివాడికే అనుమానం వస్తుంది. అందువల్ల ఆ పొద్దున వాళ్లు ఎంచుకోని చోట, ఎంచుకోని వేళ, సిద్ధం చేయడానికి వీల్లేని గోడల మధ్య రక్షణ యుద్ధంలోకి దిగారు. చిన్న ఆయుధాలతో, ట్యాంకుకు ఎదురుగా. పది గంటలు. నేను నా వృత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను, శిక్షణ పొందిన సెక్షన్ అయినా ఆ పరిస్థితిలో పది గంటలు నిలిస్తే దాన్ని నేను జీవితాంతం తలచుకుంటాను. ఒక ఇంట్లో పది గంటల కాల్పులంటే గొంతులో దుమ్ము, చెవులు మూసుకుపోవడం, పక్క గదిలో ఎవరున్నారో తెలియకపోవడం, తూటాలు లెక్కపెట్టుకోవడం. అలాంటి చోట ఎవరో ఒకరు గది గదికీ పోయి మాట్లాడుతూ ఉండకపోతే జట్టు గంటలో విడిపోతుంది. అది విడిపోకుండా పది గంటలు నిలిచిందంటే, అక్కడ నాయకత్వం చివరి దాకా బతికి ఉంది.

నాయకత్వం అంటే అరవడం అనుకుంటారు. రక్షణలో నాయకుడు చేసే అన్నిటికన్నా కష్టమైన పని కాల్చనివ్వకపోవడం. భయం వేలి చివరికి వచ్చి కూర్చుంటుంది, కాల్చేస్తే కాస్త తేలికవుతుంది. కానీ దూరంలో కాల్చిన తూటా శత్రువుకు మన చోటు చెప్పడం తప్ప ఇంకేమీ చేయదు. 1971 డిసెంబర్ 4 అర్ధరాత్రి దాటాక రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా పోస్టు మీదికి పాకిస్తాన్ ట్యాంకులు వచ్చాయి. పోస్టులో ఉన్నది 23 పంజాబ్ బెటాలియన్ ఏ కంపెనీ, సుమారు 120 మంది, మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలో. లెఫ్టినెంట్ ధరమ్ వీర్ నడుపుతున్న గస్తీ జట్టు సరిహద్దు దగ్గర నుంచి ఇంజన్ల మోత విని ముందే కబురు పంపింది. ఆ కబురు లేకపోతే మిగతా కథే లేదు. ఉండాలా, వెనక్కి రావాలా అన్నది పై నుంచి చాంద్‌పురికే వదిలేశారు. కాలినడకన ఇసుకలో వెనక్కి పోతున్న కంపెనీని ట్యాంకులు తరిమితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఉన్నాడు. మొదటి ట్యాంకులు పది, ఇరవై అడుగుల్లో కాకపోయినా, మనిషి గట్టిగా రాయి విసిరితే తగిలేంత దగ్గరికి వచ్చేదాకా కాల్చనివ్వలేదు. జీపు మీదున్న, ట్యాంకులను కొట్టే 106 మి.మీ. ఆర్‌సీఎల్ గన్ అప్పుడు పలికింది. పోస్టు చుట్టూ ఉన్న ముళ్లతీగను చూసి అవతలివాళ్లు మందుపాతరలున్నాయని అనుమానించి ఆగిపోయారు. అక్కడ వాళ్లు పోగొట్టుకున్న గంటలే పోస్టును కాపాడాయి. తెల్లారగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చాయి.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ విమానాల దగ్గర ఆగుతారు. నేను ముళ్లతీగ దగ్గర ఆగుతాను. ఆ తీగ ఒక్క శత్రువునూ చంపలేదు. సాయం వచ్చేదాకా వేళను సంపాదించిపెట్టింది. చిన్న జట్టు రక్షణ నుంచి పై అధికారి ఆశించేది కూడా అదే. పదిమంది కలిసి శత్రు బ్రిగేడ్‌ను ఓడించరు. అది ఆలస్యమయ్యేలా చేస్తారు. కాబట్టి సెక్షన్ కమాండర్ ఆర్డర్ తీసుకునేటప్పుడు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎవరి కోసం, ఎంతసేపు? ఈ జవాబు తన పదిమందికీ చెప్పాలి. ఎందుకు నిలబడుతున్నాడో తెలిసిన జవాను వేరు, తెలియని జవాను వేరు.

రెజాంగ్ లా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జవాబు తెలిసి నిలబడ్డారు. 1962 చైనా యుద్ధం, నవంబర్ 18. లద్దాఖ్‌లో చుషూల్‌ను కాపాడే పదహారు వేల అడుగుల పైనున్న కనుమ. 13 కుమావ్ బెటాలియన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్. రెండు కిలోమీటర్ల మేర ప్లటూన్లు విడివిడిగా కూర్చున్నాయి. మధ్యలో కొండ శిఖరం అడ్డం ఉండడం వల్ల మన ఫిరంగుల గుండ్లు వాళ్ల ముందు పడేలా కాల్చడం కుదరలేదు. చిన్న జట్టు రక్షణలో ఇంతకన్నా పెద్ద లోటు లేదు. ఆ లోటు తెలిసీ షైతాన్ సింగ్ ఒక ప్లటూన్ నుంచి ఇంకో ప్లటూన్‌కు, కాల్పుల మధ్యే తిరిగాడు. గాయపడ్డాక తనను మోయడం కోసం జవాన్లు ఆగితే వాళ్లూ పోతారని, వదిలి వెళ్లమన్నాడు. కంపెనీలో నూరు మందికి పైగా చనిపోయారు. 1963 ఫిబ్రవరిలో మంచు కింద వాళ్లను కనుగొన్నప్పుడు చాలామంది మోర్చాల్లోనే, ఆయుధాలతోనే ఉన్నారు. ఆయనకు పరమ వీర చక్ర ఇచ్చారు.

ఆయన తిరగడం గురించి ఒక మాట. నాయకుడు ఒక మోర్చాలో కూర్చుని తుపాకీ పట్టుకుంటే సెక్షన్‌కు ఒక రైఫిల్ పెరుగుతుంది, కమాండర్ తగ్గిపోతాడు. తిరగాలి. తూటాలు ఎన్ని మిగిలాయో చూడాలి, ఎక్కువ ఉన్నవాడి నుంచి తక్కువ ఉన్నవాడికి ఇవ్వాలి. ఎవరు గాయపడ్డారో చూడాలి, ఒక గాయపడ్డవాడి వెంట ఇద్దరు లేచి పోకుండా ఆపాలి. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో, నేల మీద పడ్డవాడు తన ఊరివాడైనప్పుడు తెలుస్తుంది. తిరిగేవాడు తూటాకు దొరుకుతాడు కూడా. అందుకే తన తర్వాత ఎవరు, వాడి తర్వాత ఎవరు అన్నది పేరు పేరునా ముందే చెప్పి ఉండాలి. ఆ వరస సెక్షన్‌లో అన్నిటికన్నా చిన్న కుర్రాడి దాకా రావాలి.

వెనక్కి రావడం గురించి మాట్లాడాలి. ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చదు, అయినా చెబుతాను. ‘ఆఖరి మనిషి, ఆఖరి తూటా’ అనే మాట మన సైన్యాల్లో చాలా గౌరవంగా పలుకుతాం. ఆ ఆర్డర్ ఉంది. అది పై నుంచి, తెలిసి, ఫలానా చోటికని పేరు పెట్టి రావాలి. సెక్షన్ కమాండర్ తన గర్వం కోసం, తన పదిమంది మీద దాన్ని వేసుకోకూడదు. మన తెలుగువాళ్లకు ఈ సంగతి బొబ్బిలి నుంచే తెలుసు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు, విజయనగరం బలగం ముందు రంగారావు మనుషులు కోటలో నిలబడ్డారు. బయటికి దారి లేదు. ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకుని తలుపులు తీశారు. ఊళ్లో లేని బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ పౌరుషానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ కొత్తగా చారలు పెట్టుకున్న నాయక్‌కు దాన్ని పాఠంగా చెప్పను. వాడికి జహ్రా చెబుతాను. కల్నల్ సొరూర్ ఆ ఆగస్టు రోజు సాయంత్రం దాకా పోరాడి, మందుగుండు తరిగి, అటూ ఇటూ శత్రువు చేరుతుంటే, బ్రిగేడ్‌ను చెల్లాచెదురు కానివ్వకుండా సౌదీ సరిహద్దు వైపు తీసుకుపోయాడు. ఆ మనుషులు 1991లో ఈ దేశ విమోచనకు తిరిగి వచ్చారు. వెనక్కి పోయే దారిని ముందే చూసి పెట్టుకోవడం, ఎవరు కాల్చుతూ ఉంటే ఎవరు కదలాలో ముందే చెప్పి ఉంచడం పిరికితనం కాదు. కాల్పుల మధ్య కొత్తగా ఆలోచించి జట్టును వెనక్కి తీయగలిగినవాణ్ని నేను చూడలేదు. ముందే ఆలోచించి పెట్టుకున్నవాళ్లే తీయగలరు.

ఖురైన్‌లో ఆ వీలు వాళ్లకు లేదు. వాళ్లకు తెలియని సంగతి ఇంకొకటి కూడా ఉంది. 24న వాళ్లు పోరాడారు, 26న కువైట్ విముక్తమైంది. రెండు రోజులు. భూతల దాడి ఎంత వేగంగా వస్తుందో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు తెలిసే దారి లేదు. ఎవరి కోసం, ఎంతసేపు అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పై అధికారి వాళ్లకు లేడు. ఆ జవాబు వాళ్లే ఇచ్చుకున్నారు. అందుకే వాళ్లను సైనిక చరిత్రలో మామూలు సెక్షన్ల పక్కన పెట్టి కొలవడం నాకు ఇష్టం ఉండదు. వాళ్లు చేసినది వేరు. ఏడుగురు ప్రాణాలతో మిగిలారు కాబట్టే మనకు ఈ సంగతులన్నీ తెలిశాయి.

ఇక మిగిలిన మాట బాధ కలిగించేది. ఆ పన్నెండు మందిలో పోరులో చనిపోయినవాళ్లు ముగ్గురు. తొమ్మిది మందిని ప్రాణాలతో పట్టుకుని చిత్రహింసలు పెట్టి చంపారు. 1949 జెనీవా ఒప్పందాల ప్రకారం చేతికి చిక్కినవాణ్ని, వాడు ఏ దుస్తుల్లో ఉన్నా సరే, విచారణ లేకుండా చంపడం నేరం. ఆ నేరాన్ని మాటల్లో ఖండించి ఊరుకోకుండా, చిన్న జట్టు నాయకుడి పని వైపు నుంచి కూడా చూడాలి. రక్షణలో ఉన్న సెక్షన్ ముందే శత్రువు గాయపడి పడతాడు, చేతులెత్తి వస్తాడు. కాసేపటి క్రితం మన వాణ్ని చంపిన చేతులే అవి. ఆ క్షణంలో జెనీవా అక్కడ ఉండదు, సెక్షన్ కమాండర్ ఒక్కడే ఉంటాడు. నేను నా కుర్రాళ్లకు నేర్పిన పద్ధతి ఇది. ఆయుధం తీసుకో, ఒళ్లు సోదా చెయ్యి, మిగతా ఖైదీలతో మాట్లాడకుండా విడిగా కూర్చోబెట్టు, గాయం కట్టు, నీళ్లు ఇవ్వు, వీలైనంత త్వరగా వెనక్కి పంపు. అన్నిటికన్నా ముందు, ఖైదీ కాపలాకు ఎవరిని పెడుతున్నావో చూసుకో. తన బడ్డీని పోగొట్టుకున్న జవానును ఆ పనికి పెట్టకు. వాణ్ని తీసుకెళ్లి నీ పక్కన కూర్చోబెట్టుకో. ఖైదీల దగ్గర చల్లటి మనిషిని పెట్టు, కాసేపటికొకసారి నువ్వే వెళ్లి చూడు. ఖురైన్‌లో పట్టుబడ్డ ఆ తొమ్మిది మంది దగ్గరికి అలా వెళ్లి చూసే నాయకుడు ఇరాకీ వైపు ఒక్కడూ లేకపోయాడు.